తాగునీటి చెరువు పక్కన హైవే హోటల్: మురుగునీటిని ఏం చేయాలి? మొదటి నుంచి చివరిదాకా

చెన్నై నుంచి నెల్లూరు వైపు వెళ్లే ఎన్‌హెచ్ 16 మీద స్థలం తీసుకున్న మనవాళ్లు ఫోన్ చేసి మొదట అడిగేది ఒకటే: "ఎస్‌టీపీ ఏ కంపెనీది పెట్టమంటారు?" ఎస్‌టీపీ అంటే మురుగునీటిని శుద్ధి చేసే ప్లాంటు. ఆ ప్రశ్న చాలా తర్వాత రావాలి. రోజుకు ఎన్ని నీళ్లు పోతాయో, వంటింట్లోంచి ఏమేం పోతుందో, వాన పడితే ఆ స్థలంలో నీళ్లు ఎటు పారతాయో తెలియకుండా కొన్న ప్లాంటు ఏడాది తిరిగేసరికి దోమల తొట్టి అవుతుంది. అలాంటివి ఈ రోడ్డు మీద చాలానే చూశాను.

పైగా ఈ రోడ్డు సంగతి వేరు. మాధవరం దాటాక ఎడమ చేతి వైపు పుళల్ చెరువు, ఇంకాస్త ముందుకు వెళ్తే చోళవరం చెరువు. రెండూ చెన్నై తాగునీటి చెరువులే. కండలేరు నుంచి కాలువలో పూండి జలాశయానికి వచ్చే మన కృష్ణా నీళ్లు కూడా అక్కడి నుంచి ఈ చెరువులకు చేరతాయి. ఊరవతల ఢాబాకు సరిపోయే "సెప్టిక్ ట్యాంకు, పక్కన ఇంకుడు గుంత" పద్ధతి ఇక్కడ పెట్టకూడదు. ఎందుకో కింద చెబుతాను.

ఇది 50 నుంచి 150 సీట్లున్న హోటల్, బస్సులు ఆగే చోటు, టాయిలెట్లున్న పెట్రోల్ బంకు లాంటి వాటికి. అంతకంటే పెద్దదైతే డిజైన్ ఇంజినీరును పెట్టుకోండి. అప్పుడైనా ఈ వరుస తెలిసి ఉంటే ఆయన్ని ఏం అడగాలో తెలుస్తుంది.

## 1. అడ్వాన్సు ఇవ్వకముందే స్థలం చూడండి, అదీ వానలో

ఎండాకాలంలో ఏ స్థలమైనా చదునుగానే కనిపిస్తుంది. అక్టోబరు, నవంబరుల్లో గట్టి వాన పడ్డ మర్నాడు పొద్దున్నే వెళ్లి స్థలం చుట్టూ నడవండి. నీళ్లు ఏ మూలకు చేరుతున్నాయి, అక్కడి నుంచి ఎటు వెళ్తున్నాయి, చెరువు వైపా, రోడ్డు కల్వర్టు కిందికా అనేది ఫోన్‌లో వీడియో తీసుకోండి. తర్వాత ట్యాంకు ఎక్కడ తవ్వాలో తేల్చేది ఈ వీడియోనే.

పక్క పొలంలో బావి ఉంటే అందులో నీళ్లు నేలకు ఎన్ని అడుగుల లోతులో ఉన్నాయో తాడు వేసి కొలవండి. మేలో ఒకసారి, నవంబరు చివర్లో ఒకసారి కొలవాలి. రెండింటికీ తేడా చూస్తే ఆశ్చర్యపోతారు.

కాగితాల్లో చూడాల్సినవి:

- పట్టా, చిట్టాతో (తమిళనాడు భూమి రికార్డులు) పాటు ఎఫ్ఎంబీ స్కెచ్, అంటే సర్వే కొలతల పటం. స్థలంలోంచి గానీ పక్క నుంచి గానీ వాగు, కాలువ గీత పోతోందేమో చూడాలి.
- సీఎండీఏ (చెన్నై నగరాభివృద్ధి సంస్థ) మాస్టర్ ప్లాన్‌లో ఆ సర్వే నంబరు ఏ జోన్‌లో ఉంది. రెడ్ హిల్స్ (పుళల్ చెరువు) పరీవాహక ప్రాంతం అని గుర్తించిన చోట కట్టడాలకు గట్టి ఆంక్షలున్నాయి. అందులో పడితే మురుగునీటి గురించి ఆలోచించే అవసరమే రాదు, స్థలమే వదిలేయాలి.
- హైవేలోకి దారి తీసుకునే అనుమతి. రోడ్డు పక్క కాలువ వాన నీటి కోసమే, మీ మురుగు కోసం కాదు.

"బ్రోకరు అన్నీ క్లియర్ అన్నాడు సార్" అనే మాట మీద నమ్మకం పెట్టుకోకండి.

## 2. నీళ్ల లెక్క వేయండి

భారతీయ ప్రమాణాల ప్రకారం హోటల్‌లో సీటుకు రోజుకు 70 లీటర్లు వేస్తారు. హైవే మీద ఒక్క సీటులో రాత్రి భోజనం వేళకే ముగ్గురు నలుగురు మారతారు, పైగా తినకుండా టాయిలెట్‌కు మాత్రమే దిగేవాళ్లు సగం మంది. అందుకని విడివిడిగా లెక్కేయాలి. ఉదాహరణకు 100 సీట్ల హోటల్, రోజుకు 20 బస్సులు, అక్కడే ఉండే సిబ్బంది 25 మంది అనుకుందాం.

- సీట్లు: 100 × 70 = 7,000 లీటర్లు
- బస్సు ప్రయాణికులు: బస్సుకు 30 మంది దిగుతారని, మనిషికి 10 లీటర్లని నేను వేసుకునే లెక్క. 20 × 30 × 10 = 6,000 లీటర్లు
- సిబ్బంది: స్నానాలు, బట్టలు కలిపి మనిషికి 135. 25 × 135 = 3,375 లీటర్లు

మొత్తం 16,375 లీటర్లు. అందులో 80 శాతం మురుగుగా తిరిగి వస్తుంది, అంటే రోజుకు సుమారు 13 వేల లీటర్లు. సంక్రాంతికి, దసరాకు, వరస సెలవులకు దాన్ని ఒకటిన్నర రెట్లు చేయండి: 20 వేలు. ప్లాంటు సైజు ఈ రెండో అంకెకు ఉండాలి.

ఇప్పటికే నడుస్తున్న హోటల్ అయితే లెక్కలు పక్కన పెట్టి బోరు లైనుకు ఒక మీటరు బిగించండి. రెండు వారాలు, రోజుకు రెండు సార్లు, పొద్దున 6కి, రాత్రి 9కి రీడింగు రాయండి. మీటరు మీద పెట్టే నాలుగు వేలు తర్వాత లక్షలు మిగులుస్తాయి. ఒక యజమాని తన హోటల్‌లో రోజుకు 8 వేల లీటర్లే వాడతామని ప్రమాణం చేసినంత గట్టిగా చెప్పాడు. మీటరు 19 వేలు చూపించింది. ఐదు వేల లీటర్లు రాత్రంతా కారుతున్న ఫ్లష్ ట్యాంకులవని తర్వాత తేలింది. ఫ్లోట్ వాల్వులు మార్చాక ప్లాంటు సైజు దానంతటదే తగ్గింది.

## 3. వంటింటి నీటిని వంటింట్లోనే సగం బాగు చేయండి

ఇక్కడ కాస్త ఓపిగ్గా చదవండి. హైవే హోటళ్లలో ఎస్‌టీపీలు పాడయ్యేది టాయిలెట్ నీళ్ల వల్ల కాదు, వంటింటి వల్ల.

మామూలు మురుగునీటిలో బీవోడీ, అంటే కుళ్లే పదార్థం తినేసే ఆక్సిజన్ లెక్క, లీటరుకు 200 నుంచి 300 మిల్లీగ్రాములు ఉంటుంది. పాలలో అది లక్షకు అటూ ఇటూ. పొద్దున పాలు విరిగాయని ఒక క్యాను సింకులో పోసేస్తే వందల మంది టాయిలెట్ వాడినంత భారం ఒక్క నిమిషంలో ప్లాంటు మీద పడుతుంది. గంజి కూడా అంతే దుర్మార్గం. వందల మందికి అన్నం వార్చే చోట రోజూ బకెట్ల కొద్దీ గంజి కాలువలోకి వంచేస్తారు. వేడిగా పోతుంది, పైపులో చల్లబడి జిగురులా అంటుకుంటుంది, ప్లాంటులో పుల్లబడి కంపు కొడుతుంది.

నేను పెట్టించే పద్ధతి: వార్చే చోట మూతున్న రెండు డ్రమ్ములు. గంజి, విరిగిన పాలు, మిగిలిన సాంబారు అన్నీ అందులోకే. చుట్టుపక్కల ఊళ్లలో గేదెలున్నవాళ్లు పొద్దున్నే వచ్చి గంజి పట్టుకెళ్తారు. ముందు డబ్బు అడుగుతారేమో అని భయపడతారు యజమానులు. కొన్నాళ్లకు వాళ్లే డ్రమ్ము ఇంకా నిండలేదేమని అడుగుతారు.

గిన్నెలు తోమే చోట:

- పళ్లేలను కడిగే ముందు మెతుకులు, కరివేపాకు, ఎముకలు చెత్తబుట్టలోకి గీకాలి. నీళ్ల పైపుతో తోసేయకూడదు.
- సింకు కింద స్టీలు జల్లెడ బుట్ట. టీ పిప్పి కోసం వేరే బుట్ట.
- వాడేసిన నూనె సింకులోకి ఒక్క చుక్క కూడా పోకూడదు. ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రతా సంస్థ) నిబంధన ప్రకారం, పదేపదే కాచితే నూనెలో పుట్టే పోలార్ కాంపౌండ్లు 25 శాతం దాటిన నూనెతో మళ్లీ వండకూడదు. దాన్ని బయోడీజిల్ కోసం కొనే అధికృత ఏజెన్సీలకు అమ్మొచ్చు.

ఆ తర్వాత గ్రీజ్ ట్రాప్, అంటే నీళ్లలోని జిడ్డును ఆపే తొట్టి. 100 సీట్ల వంటింటికి కనీసం 1,000 లీటర్లు, మధ్యలో అడ్డుగోడతో రెండు గదులు. రద్దీ గంటలో వచ్చే నీళ్లు అందులో అరగంట నిలబడాలి. టాయిలెట్ లైను దీనికి కలపకూడదు. వంటింటి గోడకు ఆనించకుండా బయట నీడలో పెట్టండి. ఎండలో పెడితే నూనె కరిగి నీళ్లతో పాటు దాటిపోతుంది.

శుభ్రం చేయడానికి గుర్తు: పైన తేలే జిడ్డు, అడుగున చేరిన మడ్డి రెండూ కలిపి లోతులో పావు వంతుకు చేరితే తీయాలి. ఒక కర్ర మీద గీతలు పెట్టుకుంటే ఎవరైనా కొలవగలరు. బిర్యానీ ఎక్కువ అమ్మే చోట ఇది వారానికి రెండు సార్లు వస్తుంది. తీసిన జిడ్డును పక్క గుంటలో పారేస్తే చేసిన పనంతా వృథా. మూత డబ్బాల్లో పెట్టి లైసెన్సున్న చెత్త సేకరణ వాళ్లకే ఇవ్వాలి.

## 4. లైన్లు విడదీయండి

నాలుగు లైన్లు. టాయిలెట్లది ఒకటి. వంటింటిది ఒకటి, గ్రీజ్ ట్రాప్ దాటాక టాయిలెట్ లైనుతో కలుస్తుంది. వాన నీరు పూర్తిగా వేరు, ఎక్కడా మురుగుతో కలవకూడదు. బండ్లు కడిగే చోటు, ఆయిల్ మార్చే చోటు ఉంటే దానికి ఆయిల్ వేరుచేసే తొట్టితో నాలుగోది. వాడేసిన ఇంజన్ ఆయిల్ ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కిందికి వస్తుంది, కాబట్టి ఎస్‌టీపీలోకి పంపకూడదు. నా అభిప్రాయం అడిగితే చెరువు పక్కన వాటర్ సర్వీసింగ్ పెట్టనే వద్దు.

మేడ మీది వాన పైపును దగ్గర్లో ఉందని మురుగు ఛాంబరులోకి పెట్టేయడం ప్లంబర్లకు అలవాటు. 300 చదరపు మీటర్ల కప్పు మీద 10 సెంటీమీటర్ల వాన పడితే 30 వేల లీటర్లు. చెన్నైలో ఈశాన్య రుతుపవనాల్లో ఇది ఒక్క రోజులో పడే వానే. మీ 20 వేల లీటర్ల ప్లాంటు గతేమిటో ఆలోచించండి.

## 5. ఇప్పుడు దారి ఎంచుకోండి

మురుగు కాలువకు కలపడం. దగ్గర్లో భూగర్భ డ్రైనేజీ ఉంటే అదే మంచిది, ఇంకేమీ ఆలోచించొద్దు. గ్రీజ్ ట్రాప్ పెట్టి కనెక్షన్ తీసుకోండి. హైవే మీద చాలా చోట్ల ఈ అదృష్టం ఉండదు.

సెప్టిక్ ట్యాంకు, ఇంకుడు గుంత. సెప్టిక్ ట్యాంకు బీవోడీలో సగం కూడా తీయదు. మిగతా పని మట్టి చేస్తుందని లెక్క. ప్రమాణాల ప్రకారం ఇంకే చోటు తాగునీటి బావికి 18 మీటర్ల లోపు ఉండకూడదు. అయితే ఆ పద్ధతి ఒక ఇంటి వాడకాన్ని మనసులో పెట్టుకుని రాసింది, రోజుకు 13 వేల లీటర్లను కాదు. మట్టి క్రిములను కొంత ఆపుతుంది. మూత్రంలోని నత్రజని నైట్రేటుగా మారి నీటితో పాటే కిందికి పోతుంది. తాగునీటిలో నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదు. నవంబరులో భూగర్భజలం పైకి వచ్చి గుంతలోకే నీళ్లు ఊరతాయి. అప్పుడు మట్టి వడపోత అనే మాటే ఉండదు, మురుగు నేరుగా జలంలో కలుస్తుంది. వద్దు.

మూసిన ట్యాంకులో నిల్వచేసి లారీలో పంపడం. చిన్న చోట్లకు, అంటే నాలుగు టాయిలెట్లున్న బంకుకు, ఇదే సరైనది. ఏ యంత్రమూ లేదు, పాడయ్యేదీ లేదు. మన 13 వేల లీటర్ల హోటల్‌కు మాత్రం 9 వేల లీటర్ల లారీ రెండు రోజులకు మూడు ట్రిప్పులు తిరగాలి, నెలకు 45. ఏడాది ఖర్చు లెక్కేస్తే ప్లాంటు చౌక.

సెట్లర్ (మడ్డి అడుగుకు దిగే తొట్టి), గదుల ట్యాంకు, కంకర మొక్కల మడి. కరెంటు దాదాపు అక్కర్లేదు. మెట్టతామర, రెల్లు లాంటి మొక్కలు కంకరలో పెరుగుతూ నీటిని శుభ్రం చేస్తాయి. స్థలం ఎక్కువ కావాలి. చెరువు పక్కన మడి అడుగున కాంక్రీటో మందమైన ప్లాస్టిక్ షీటో తప్పనిసరి. ఇంకో చిక్కు ఎవరూ చెప్పరు: మడి పైన కప్పు ఉండదు, కాబట్టి పడ్డ వానంతా మీ మురుగు లెక్కలో చేరుతుంది. చెన్నైలో ఏడాదికి సుమారు 1,400 మిల్లీమీటర్లు, అందులో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపే.

బయో డైజెస్టర్ టాయిలెట్లు. డీఆర్‌డీవో పద్ధతి, మలాన్ని బాగా తగ్గిస్తుంది. అమ్మేవాళ్లు "బయటికి వచ్చేది శుద్ధమైన నీరే" అంటారు. ఆ నీటికి ఇంకా శుద్ధి కావాలి. విడిగా సరిపోదు.

ప్యాకేజీ ఎస్‌టీపీ, శుద్ధి చేసిన నీటిని అక్కడే వాడుకోవడం. మన ఉదాహరణ హోటల్‌కు నేను చెప్పేది ఇదే, పక్కన ఒక నిల్వ ట్యాంకు, ఒక లారీ ఒప్పందంతో కలిపి.

## 6. అనుమతి ముందు, తవ్వకం తర్వాత

1974 నీటి కాలుష్య చట్టం కింద తమిళనాడు కాలుష్య నియంత్రణ మండలి నుంచి కట్టడానికి ఒక అనుమతి, నడపడానికి ఇంకొకటి. మొదటిది చేతికి రాకుండా గుంత తవ్వొద్దు.

దరఖాస్తులో నీళ్ల లెక్క, లైన్ల గీత, శుద్ధి చేసిన నీరు ఎక్కడ ఎంత వాడతారో స్పష్టంగా చూపించండి. అనుమతి పత్రంలో రాసిన అంకెలే మీరు పాటించాల్సినవి. ప్లాంటు అమ్మేవాడితో ఒప్పందంలో మాత్రం గట్టి అంకెలే రాయించుకోండి: బీవోడీ లీటరుకు 10 మిల్లీగ్రాములు, తేలే మలినాలు 20. జాతీయ హరిత ట్రైబ్యునల్ 2019లో చెప్పిన స్థాయి అది. "పీసీబీ నార్మ్స్ ప్రకారం" అని ఒక్క ముక్క రాసి వదిలేసే కొటేషన్ మీద సంతకం పెట్టకండి.

## 7. ప్లాంటు కొనేటప్పుడు

మొదట ఈక్వలైజేషన్ ట్యాంకు చూడండి. హైదరాబాద్, విజయవాడ బస్సులన్నీ రాత్రి భోజనానికి ఇంచుమించు ఒకే వేళకు ఆగుతాయి. రెండు గంటల్లో సగం రోజు నీళ్లు వచ్చేస్తాయి. ఆ నీళ్లను ఆపి, నెమ్మదిగా 20 గంటల పాటు ప్లాంటుకు అందించే తొట్టి ఇది. మన ఉదాహరణకు కనీసం 8 వేల లీటర్లు, గాలి ఊదే ఏర్పాటుతో. ధర తగ్గించమంటే అమ్మేవాళ్లు మొదట కోసేది దీన్నే.

తర్వాత అడగాల్సినవి:

- గాలి ఊదే బ్లోయర్లు రెండు, ఒకటి నడిచేది, ఒకటి స్పేరు. రెండూ జనరేటరు లైను మీద ఉండాలి.
- మురుగు పంపులు రెండు, పైకి లాగి తీయడానికి గొలుసుతో.
- ఇసుక ఫిల్టరు, కార్బన్ ఫిల్టరు, ఆ పైన రోగక్రిములను చంపడానికి క్లోరిన్ లేదా యూవీ కాంతి.
- మడ్డి తీసి ఆరబెట్టే ఏర్పాటు. ఇది లేని ప్లాంటు అసలు ప్లాంటే కాదు.
- ఇలాంటి హోటల్‌లోనే రెండేళ్లుగా నడుస్తున్న ప్లాంటు ఒకటి చూపించమనండి. చెప్పకుండా వెళ్లి చూడండి.

ఎంబీబీఆర్ కావాలా, ఎస్‌బీఆర్ కావాలా అని తలనొప్పి తెచ్చుకోకండి. మొదటిదానిలో మురుగును తినే క్రిములు తేలే ప్లాస్టిక్ చక్రాల మీద పెరుగుతాయి, రెండోదానిలో ఒకే ట్యాంకులో విడతలు విడతలుగా శుద్ధి జరుగుతుంది. జనం తగ్గుతూ పెరుగుతూ ఉండే చోట ఎంబీబీఆర్ కాస్త ఓర్చుకుంటుంది. చూసుకునే మనిషి లేకపోతే ఏదైనా ఒకటే.

## 8. కట్టేటప్పుడు రెండు జాగ్రత్తలు

కారుతోందా? ట్యాంకు కట్టాక మట్టి పూడ్చకముందే నీళ్లు నింపండి. గోడలు తాగే నీళ్లు తాగనివ్వడానికి ఏడు రోజులు. తర్వాత చాక్‌పీస్‌తో గీత పెట్టి ఇంకో ఏడు రోజులు చూడండి. పక్కనే ఒక బకెట్ నీళ్లు పెట్టి దానికీ గీత పెడితే ఆవిరై ఎంత పోయిందో తెలుస్తుంది. బకెట్ కంటే ట్యాంకు గీత ఎక్కువ దిగితే కారుతున్నట్టే.

తేలుతుందా? 2021 నవంబరు వానల్లో నేను చూసుకుంటున్న ఒక సైటులో భూమిలో పాతిన ఖాళీ ఫైబర్ ట్యాంకు రాత్రికి రాత్రి పైకి లేచింది. పొద్దున వెళ్లేసరికి మూత నా మోకాలి ఎత్తున ఉంది, పైపులన్నీ విరిగాయి, ఛాంబరు గోడ పగిలింది. చుట్టూ భూగర్భజలం పెరిగితే ఖాళీ ట్యాంకు పడవే. కింద కాంక్రీటు దిమ్మె వేసి ట్యాంకును దానికి పట్టీలతో బిగించమని ముందే చెప్పి ఉండాల్సింది. సరఫరాదారు చెప్పలేదు, నేనూ అడగలేదు. ఇప్పుడు అడిగే మొదటి ప్రశ్న అదే. వానాకాలంలో ట్యాంకును పూర్తిగా ఖాళీ చేయకపోవడం కూడా అలవాటు చేసుకోండి.

మ్యాన్‌హోల్ మూతలు చుట్టూ నేలకంటే అర అడుగైనా ఎత్తు ఉండాలి.

## 9. మొదలుపెట్టడం, రోజూ చూడటం

కొత్త ప్లాంటులో మురుగు పోసి బ్లోయర్ వేస్తే సరిపోదు. బాగా నడిచే ఇంకో ప్లాంటు నుంచి లారీతో బతికున్న మడ్డి, అంటే మురుగును తినే క్రిములున్న మడ్డి, తెచ్చి వేయాలి, పెరుగుకు తోడు వేసినట్టే. తోడుకోవడానికి రెండు నుంచి నాలుగు వారాలు. ఆ రోజుల్లో బయటికి వచ్చే నీరు వాడకుండా లారీలో పంపండి. బస్సుల సీజనుకు కనీసం నెల ముందు మొదలుపెట్టండి.

చూసుకునే మనిషికి ల్యాబు అక్కర్లేదు. లీటరు పట్టే గాజు జాడీ చాలు. ఏరియేషన్ (గాలి ఊదే) ట్యాంకులోంచి లేదా ఎస్‌బీఆర్ ట్యాంకులోంచి, గాలి పోతుండగానే జాడీ నిండా నీళ్లు తీసి నేల మీద కదలకుండా పెట్టి అరగంట ఆగాలి. మొదట అంతా ఒకటే గోధుమరంగు. ఐదు నిమిషాల్లో పైన పలచటి గీత పడుతుంది. అరగంటకు అడుగున మడ్డి, పైన తేట నీరు.

- మడ్డి 250 నుంచి 350 మిల్లీలీటర్ల దగ్గర ఆగి, పైనీరు తేటగా ఉంటే బాగుంది.
- 100 కూడా లేకపోతే క్రిములు తక్కువ. మడ్డి తీయడం ఆపండి.
- 500 దాటితే మడ్డి ఎక్కువైంది, తీసి ఆరబెట్టండి.
- రంగు చాక్లెట్ లాగా ఉండాలి. నల్లగా, కుళ్లిన గుడ్డు వాసనతో ఉంటే గాలి సరిపోవట్లేదు.

ఎంబీబీఆర్‌లో ఈ కొలత పనికిరాదు. అక్కడ ప్లాస్టిక్ చక్రాల్లో ఒకటి తీసి వేలితో రుద్దండి, లోపల పలచటి గోధుమరంగు జిగురు ఉండాలి. తెల్లగా, శుభ్రంగా ఉందంటే క్రిములు చచ్చాయి.

చంపేది ఎక్కువగా మన క్లీనింగ్ వాళ్లే. టాయిలెట్ మెరవాలని సీసాల కొద్దీ యాసిడ్, బ్లీచింగ్, ఫినాయిల్ పోస్తారు. బ్రష్షు, సబ్బు నీళ్లతో రోజూ కడిగి, యాసిడ్ వారానికోసారి మరక ఉన్న చోట మాత్రమే వాడమనండి. ఆ సీసాలకు తాళం వేసి సూపర్‌వైజరు దగ్గర పెట్టడమే పనిచేసిన మందు.

## 10. శుద్ధి చేసిన నీరు ఎక్కడికి?

లెక్క పూర్తిచేద్దాం. 13 వేలలో ఫ్లష్‌లకు 5 వేలు తిరిగి వాడొచ్చు. దానికి మొదటి నుంచీ విడి పైపులు, విడి ఓవర్‌హెడ్ ట్యాంకు కావాలి. రంగు వేరుగా ఉండాలి, తాగునీటి పైపుతో ఎక్కడా కలవకూడదు. మిగిలిన 8 వేలు తోటకు. చదరపు మీటరుకు రోజుకు 5 లీటర్లంటే 1,600 చదరపు మీటర్ల పచ్చదనం కావాలి, దాదాపు 40 సెంట్లు. అంత తోట లేకపోతే ఆ అంకె దరఖాస్తులో రాయకండి, తనిఖీకి వచ్చినవాళ్లు మొదట కొలిచేది అదే.

వాన రోజుల్లో తోటకు నీళ్లు అక్కర్లేదు, బస్సులు మాత్రం ఆగవు. ఐదు రోజుల ముసురుకు 8 వేల చొప్పున 40 వేల లీటర్ల నిల్వ ట్యాంకు పెట్టండి. అది నిండే లోపు లారీని పిలవాలి. "వాన నీళ్లలో కలిసిపోతుందిలే" అని పైపు కాలువ వైపు తిప్పే చెయ్యి ప్రతి హోటల్‌లోనూ ఒకటి ఉంటుంది. అలాంటి పైపు అసలు కట్టించకండి. పైపు లేకపోతే తిప్పేదీ ఉండదు.

## 11. లారీ సంగతి

చెన్నైలో తమిళంలో "కళివునీర్" అని రాసి ఉండే లారీలు ఇవే. స్థానిక సంస్థ లైసెన్సు ఉన్నవాళ్లతోనే ఒప్పందం చేసుకోండి. ప్రతి ట్రిప్పుకూ దింపిన చోట ముద్ర వేసిన చీటీ తెస్తేనే డబ్బు. కొడుంగైయూర్ లాంటి చెన్నై మెట్రో వాటర్ శుద్ధి కేంద్రంలోనో, అనుమతి ఉన్న వేరే చోటో దింపాలని ఒప్పందంలో పేరుతో సహా రాయించండి.

చీటీ ఒక్కటే నమ్మొద్దు, గడియారం కూడా చూడండి. ఒకసారి చోళవరం దగ్గర ఒక హోటల్‌లో రాత్రి పదకొండుకు నిండి వెళ్లిన లారీ 35 నిమిషాల్లో మళ్లీ గేటు దగ్గర ఉంది. అక్కడి నుంచి కొడుంగైయూర్ వెళ్లి, దింపి, తిరిగి రావాలంటే గంటన్నరకు తగ్గదు. "ఇంత త్వరగా ఎలా వచ్చావన్నా?" అని అడిగితే డ్రైవరు నవ్వి "ట్రాఫిక్ లేదు సార్" అన్నాడు. ఆ నెల నుంచి గేటు దగ్గర పుస్తకంలో వెళ్లిన టైము, వచ్చిన టైము, బండి నంబరు వాచ్‌మన్ రాస్తున్నాడు.

ట్యాంకులోకి మనిషి దిగడం ఏ పరిస్థితిలోనూ ఒప్పుకోకండి. చేతులతో మలం ఎత్తే పనిని నిషేధించిన 2013 చట్టం కింద, రక్షణ సామగ్రి లేకుండా అలా దించడం నేరం. లోపలి వాయువు ఒకటి రెండు ఊపిరులకే మనిషిని పడేస్తుంది, కాపాడబోయినవాడూ పడిపోతాడు. ట్యాంకు శుభ్రం చేయించడానికి సహాయం కావాలంటే 14420కి ఫోన్ చేయొచ్చు.

## 12. వచ్చే చిక్కులు, వెంటనే చేయాల్సినవి

- తెల్లటి నురగ పొంగుతోంది: ప్లాంటు కొత్తదైతే రెండు వారాలు ఆగండి. పాతదైతే గిన్నెల సబ్బు ఎంత వాడుతున్నారో చూడండి.
- హఠాత్తుగా కంపు: మొదట బ్లోయర్, తర్వాత బెల్టు, తర్వాత గంజి డ్రమ్ములు. చాలాసార్లు కొత్తగా చేరిన వంటమనిషి డ్రమ్ము సంగతి తెలియక కాలువలో వంచేసి ఉంటాడు.
- ఫ్లష్ నీరు పసుపుగా, వాసనతో: ఫిల్టర్లు బ్యాక్‌వాష్ చేయండి, అంటే నీళ్లు వెనక్కి పంపి కడగండి, క్లోరిన్ చూడండి. బాగయ్యేదాకా ఫ్లష్‌కు బోరు నీళ్లు ఇవ్వండి, ప్లాంటు నీరు లారీకి.
- పంపు పదేపదే ఆగుతోంది: శానిటరీ ప్యాడ్లు, గుట్కా పొట్లాలు. ప్రతి లేడీస్ టాయిలెట్‌లో మూతున్న డబ్బా పెట్టండి. పంపు ముందు జల్లెడ రోజూ తీసి కడగాలి.
- వాన రోజే నిండిపోతోంది: ఎక్కడో వాన పైపు కలిసింది. మేడ మీద రంగు నీళ్లు పోసి ఏ ఛాంబరులో కనిపిస్తాయో చూడండి.

## 13. సెప్టెంబరులో, వానలకు ముందు

- నిల్వ ట్యాంకు మడ్డి తీయించి, మూతల రబ్బరు వాషర్లు మార్చాలి.
- జనరేటరు మీద బ్లోయర్, పంపులు ఒక గంట నడిపి చూడాలి.
- లారీవాళ్లతో ముసురు రోజుల రేటు ముందే మాట్లాడుకోవాలి. నవంబరులో మాట్లాడితే వాళ్లు చెప్పిందే రేటు.
- శుద్ధి చేసిన నీరు గుర్తింపు ఉన్న ల్యాబులో పరీక్ష చేయించి రిపోర్టు ఫైలులో పెట్టాలి.
- పక్క రైతు బావి నీరు కూడా, ఆయన్ని అడిగి, ఒక సీసా పట్టి నైట్రేటు పరీక్షకు పంపండి. ప్లాంటు మొదలుపెట్టక ముందు ఒకటి, ఆ తర్వాత ఏడాదికోసారి. అంకె పెరుగుతుంటే మీ ట్యాంకు ఎక్కడో కారుతోందేమో ముందు చూసుకోండి.